జానెడు తీగ

గోదావరిఖని,
18 ఆగస్టు 2024, ఆదివారం.

చిరంజీవి తమ్ముడు సదానందానికి,

అక్క సారలమ్మ ఆశీర్వదించి రాసేది. ఇక్కడ నేను, మీ బావ ఉన్నాం. అక్కడ నువ్వు, మరదలు, పిల్లలు చల్లగా ఉన్నారని తలుస్తాను. నా ఫోన్ ఎత్తడం మానేశావు కాబట్టి కాగితం పట్టుకున్నాను. ఫోనైతే కట్ చేస్తావు, ఉత్తరాన్ని ఏం చేస్తావో చూస్తాను.

మీ బావ రిటైరై, క్వార్టరు ఖాళీ చేసి ఈ చేను దగ్గరి రేకుల ఇంటికి వచ్చాం కదా, కరెంటు స్తంభం ఇంకా మా దాకా రాలేదు. పైన సోలార్ ప్యానెళ్లు, గదిలో బ్యాటరీ, ఆ బ్యాటరీ మీద మీ బావ ఆక్సిజన్ మిషన్. బొగ్గుబాయిలో దుమ్ము మింగీ మింగీ ఆయన ఊపిరితిత్తులు పాడయ్యాయి. పడుకున్నాడంటే ఆ మిషన్ నడవాల్సిందే. అది ఆగితే ఏమవుతుందో నీకు వేరే చెప్పాలా?

బోనాలకు నువ్వు వచ్చిన రోజు గుర్తుందా? సోలార్ మెకానిక్ అనస్ అప్పుడే బ్యాటరీ పక్కన, జానెడు దూరంలో ఫ్యూజు బిగించాడు. అది చూసి నీ కళ్లు ఎర్రబడ్డాయి. "బ్యాటరీ కాడ ఫ్యూజు పెడ్తవా? నిప్పురవ్వ లేస్తే ఏంది గతి? బాయిల గిట్ల చేస్తే మనిషి మిగులుతడా?" అని అరిచావు. ఫ్యూజు పీకేసి, తీగలు పొడుగు చేసి, రేకుకు కంత పెట్టి, వాకిట్లో గోడకు బిగించావు. బావతో కలిసి డ్యూటీ చేసిన జలాలుద్దీన్ కొడుకని కూడా చూడకుండా అనస్‌ను నానా మాటలన్నావు. "నేను పెట్టింది ఎవడన్న ముట్టిండో, మళ్ల మీ గడప తొక్క" అని వెళ్లిపోయావు. నీ కోపం ఎక్కడిదో నాకు తెలుసు. బాయి చార్జింగ్ రూములో బ్యాటరీ పేలి, నీతో డ్యూటీ చేసే జైపాల్ కాలిపోయినప్పుడు అతణ్ని చేతులమీద ఎత్తుకొచ్చింది నువ్వే.

కానీ తమ్ముడూ, అవి నీళ్లు పోసే పాత బ్యాటరీలు. ఇది లిథియంది, మామూలుగా గ్యాస్ వదలదట. అనస్ నెమ్మదిగా చెప్పాడు. "ఫ్యూజు కాపాడేది మిషన్‌ను కాదు పెద్దమ్మ, తీగను. బ్యాటరీ నుంచి ఫ్యూజు దాక ఉన్న తీగకు ఇప్పుడు దిక్కెవరు? రెండు తీగలు అరిగి ఆ రేకుకు తాకితే ఫ్యూజుకు తెల్వనే తెల్వది" అన్నాడు. తీగ ఎంత కరెంటు మోయగలదో చూసి దానికి తగ్గ ఫ్యూజు వేయాలట. అది కూడా బ్యాటరీ కరెంటును తెంపగలిగేదే కావాలట, ఇంట్లో వాడే మామూలుది పనికిరాదట.

రోజూ ఓపెన్‌కాస్టు గనిలో బ్లాస్టింగ్ కాగానే మా రేకులు గడగడలాడతాయి. నువ్వు పెట్టిన కంత అంచు తీగలను కోస్తూ ఉంటుంది. సైరన్ వినపడితే చాలు, చేతిలో పని వదిలేసి ఆ కంత దగ్గర వాసన చూస్తూ నిలబడతాను. పొయ్యి మీద అన్నం మాడినా ఆ కంత దగ్గరికే పరుగెత్తుతాను. "నీ ముక్కుకు డ్యూటీ పడ్డది" అని మీ బావ నవ్వుతాడు. నాకు నవ్వు రాదు. భయంగా ఉంది తమ్ముడూ. ఫ్యూజును మళ్లీ బ్యాటరీ దగ్గరే పెట్టించుకోనీ. అక్క నా మాట తీసేసిందని అనుకోకు.

మరదలికి, పిల్లలకు నా దీవెనలు. నిన్ను అడిగినట్టు రాయమని మీ బావ మరీ మరీ చెప్పాడు.

ఇట్లు,
నీ మీద కోపం లేని అక్క,
సారలమ్మ

తా.క.: పైదంతా మీ బావకు చదివి వినిపించాను. ఇది ఆయన కునుకు తీస్తుండగా రాస్తున్నాను. తమ్ముడూ, ఆ తీగలు ఇప్పటికే కాలిపోయాయి. మొన్న మంగళవారం బ్లాస్టింగ్ అయిన కాసేపటికే గదినిండా నల్లటి పొగ. వాకిట్లో నీ ఫ్యూజు చెక్కుచెదరలేదు, గదిలో తీగ మండుతూనే ఉంది. మీ బావ ముక్కు గొట్టం లాగేసి, తువ్వాల చేతికి చుట్టుకుని, తీగను బ్యాటరీ నుంచి పీకేశాడు. అరచేయంతా బొబ్బలు. అనస్ వచ్చి కొత్త తీగలు వేసి, ఫ్యూజు బ్యాటరీ పక్కన బిగించేదాకా ఆయన ఎగశ్వాసను చూస్తూ కూర్చున్నాను. "సదానందంకు చెప్పకు. జైపాల్‌ను మోసుడే ఇంక అయిపోలే, నన్ను గూడ మోయనియ్యకు" అని ఒట్టు వేయించుకున్నాడు. అందుకే పైన ఏమీ కానట్టు రాశాను.

ఆ ఒట్టు నిలుపుకునేదాన్నే. కానీ నిన్న నీ కోడలు సంధ్యారాణి ఫోన్ చేసింది. మందమర్రిలో మీ చేను ఇంట్లో కూడా సోలార్ బ్యాటరీ ఫ్యూజును నువ్వు బయటికి మార్చావట. "మామ ఎవ్వరిని ముట్టనిస్తలేడు" అంది. బ్యాటరీ గదిలోనే నీ మనవరాలు సహస్ర పడుకుంటోందట. స్విచ్చు తీసినా ఆ తీగలో కరెంటు పోదు. పిల్లను వేరే గదిలో పడుకోబెట్టమని చెప్పాను, అయినా రాత్రి నాకు కంటిమీద కునుకు లేదు. ఈ ఉత్తరం నా ఇంటి కోసం కాదు.

దీన్ని నీ చేతికిచ్చినవాడు అనసే. అతన్ని వాకిట్లోంచి పంపేయకు. అతని సంచిలో కొత్త ఫ్యూజు, మా ఇంట్లో కాలిన తీగ ముక్క ఉన్నాయి. ముందు ఆ తీగ చూడు, తర్వాత కోపం తెచ్చుకో.