కుంకుమ కింద సుద్ద గీతలు

మార్చి 12, గురువారం. ఎండ అప్పుడే మాడ్చేస్తోంది. పొద్దున్నే తొట్టి కడిగి నీళ్ళు పట్టాను.

ఎమ్మిగనూరులో మగ్గం నేసే సుంకన్న పాత కారుకు, ఇంజన్ పైమూత కింద ఉండే హెడ్ గాస్కెట్ మార్చాను. ఆ మూతను బిగించే హెడ్ బోల్టులు పది. చివరి బిగింపు అయిన ప్రతి బోల్టు మీదా సుద్దతో గీత పెట్టడం నా అలవాటు. మధ్యలో భోజనానికి పిలిచారు. తిరిగి వచ్చేసరికి సుంకన్న తల్లి ఆ గీతలన్నీ తుడిచేసి, పదింటికీ పసుపు కుంకుమ పెట్టేసింది.

"ఏందవ్వా ఇది?" అన్నాను.

"సుద్ద మరకలు బాగలేవప్పా, తుడిసినా. రేపు కోడలు కాన్పుకు పోయే బండి, బొట్టు లేకుండా పోతాదా? ఇంగ దాన్ని ముట్టొద్దు!"

సుంకన్న నవ్వాడు. "మా అమ్మ బిగిచ్చిందిలే అన్నా, ఇంగ ఊడదు."

అవ్వ లోపలికి వెళ్ళాక, మిగిలాయనుకున్న మూడు బోల్టులు బిగించాను. మూడేనా, నాలుగా? అరగంట ఇంజన్ నడిపి చూశాం. రేడియేటర్ నీళ్ళలో బుడగలు రాలేదు, అంటే గాస్కెట్ పట్టినట్టే. కానీ ఆదోని దాకా ఆ గతుకుల్లో, నిండు చూలాలితో... దారిలో గాస్కెట్ మళ్ళీ పోతే?

సుద్ద గీతలు ఎందుకో అప్పుడే చెప్పి ఉంటే సరిపోయేది.

వాళ్ళు రేపు పొద్దున ఆరింటికి బయల్దేరతారు. ఇంజన్ చల్లగా ఉండగానే, ఐదింటికల్లా వెళ్ళి పదీ మళ్ళీ బిగిస్తాను. అవ్వ తిడితే తిట్టనీ. బొట్లు మళ్ళీ నేనే పెడతాను.

పానా సంచిలో పెట్టాను. నా బండిలో పెట్రోలు ఉందో లేదో చూసి వచ్చి పడుకుంటాను.