పలకల గని దగ్గర చదివిన వ్యాసం

మార్కాపురం, శుక్రవారం

సాయంత్రం బడి వదిలాక పలకల గని దగ్గర పనివాళ్లకు పత్రికలో వ్యాసం ఒకటి చదివి వినిపించాను. ఆడపిల్లలందరినీ తప్పనిసరిగా బడికి పంపాలని మద్రాసు ఆచార్యుడెవరో రాశాడు. చదువు లేనిదే పంటకు ధర రాదు, దేశానికి రక్షణ ఉండదు అని ఆయన వాదన.

ఇక్కడ నలుగురిని నిలబెట్టి కాగితం చదివితే అది సర్కారు దండోరా అనుకుంటారు. ఆ సంగతే మరిచాను. పలకలు చీల్చే సువార్తమ్మక్క ఉలి పక్కన పెట్టి లేచింది.

"అట్లయితే రేపే మా పిల్ల సుగుణను బడికి తోలుకొస్తా అయ్యోరా. సర్కారే చెప్పినాక మా ఆయన మాత్రం ఏమంటాడు? కనిగిరికి పలకల బండి తోలుకుపోయినాడు, వచ్చినాక చెప్తాలే."

అది ఒక పెద్దమనిషి అభిప్రాయమేనని చెప్పబోయాను. పొద్దువాలే వెలుగులో రాతిపొడి ఆమె జుట్టు మీద వెండిలా మెరుస్తోంది. ఆ మాట చెప్పకుండానే పత్రిక మడిచేశాను.

ఈ రాత్రి కళ్లు మూస్తే కొండలదాకా నల్లటి పలకలే పరుచుకున్నట్టుంది. ఒక్కదాని మీదా గీత లేదు.

సువార్తమ్మక్క భర్త తిరిగొచ్చి సర్కారు హుకుం ఏదీ, చూపించమంటే? ఈలోగా సుగుణకు పలక మీద తన పేరు రాయడం వస్తే బాగుండు. ఆ పలకే చూపిస్తాను.