పదిహేడో నంబరు డబ్బా

9 జనవరి 1978, సోమవారం

ఈ డైరీ దొరసాని ఇచ్చింది. దొర ఆఫీసులో మూడు ఇచ్చారట, అందులో ఒకటి నాకు. తొమ్మిదేళ్ళుగా వాళ్ళింట్లో వండుతున్నాను, నాకు రాయడం వచ్చని ఆమెకు మొన్ననే తెలిసింది. మొదటి పేజీ మీద ఆమే ఇంగ్లీషులో రేచల్ అని రాసింది. దాని కింద నేను రాహేలు అని సరిగ్గా రాసుకున్నాను.

వచ్చే నెలాఖరుకు వాళ్ళు తమ దేశం వెళ్ళిపోతున్నారు. బంగళాలోకి రాబోయే కొత్త దొరలకు నా గురించి చెప్తానంది, మంచి పనిమనిషినని చిట్టీ కూడా రాసిస్తానంది. మా పనిలో చిట్టీయే సర్వం. అది లేకపోతే బంజారాహిల్స్‌లో ఏ వాచ్‌మన్ గేటు తీయడు.

12 జనవరి

సామాను సర్దడానికి చెక్క పెట్టెలు చేసేవాడు కావాలంటే మా ఆయన పేరు చెప్పాను. ఇశ్రాయేలు మంచి వడ్రంగి, కానీ దసరా నుంచి ఖాళీగా కూచున్నాడు. నా మాట మీద దొరసాని ఒప్పుకుంది. వెనక వరండాలో, స్టోర్‌రూమ్ పక్కనే పని.

16 జనవరి

వెళ్ళేలోగా దొరసానికి మా ఇల్లు చూడాలని ఉందట. ఆదివారం లంచ్‌కి కిషన్‌బాగ్ వస్తుందట! సింపుల్‌గా చెయ్యి రేచల్, సింపుల్‌గా అని రెండుసార్లు చెప్పింది. మా గల్లీలోకి ఆమె కారు పడుతుందా అన్నదే నా దిగులు.

17 జనవరి

అత్త కాశమ్మ కోడిని కోసి బగారన్నం చేద్దామంది. నేను వద్దన్నాను. పోయిన క్రిస్మస్‌కి నేను పట్టుకెళ్ళిన కూర రెండు చెంచాలు తిని దొరసాని మూడు రోజులు మంచం దిగలేదు. ఆమెకు ఇష్టమైంది హాట్ ట్యూనా చీజ్ సాండ్‌విచ్. బుధవారం బుధవారం చేస్తాను. ఒక్కసారీ రుచి చూడలేదు. ఆ ఇంట్లో వంటమనిషి నోట పెట్టకూడదు. కోసేసిన రొట్టె అంచులు మాత్రం నావి. ఉప్పు సరిపోయిందో లేదో వాసన పట్టి చెప్పగలను. ఆ పనితనం ఒక్కసారి నా ఇంట్లో, నా పళ్ళెంలో పెట్టి చూపించాలి.

మనింటికొచ్చినోళ్లకు మన కూడు పెట్టాలె గని, వాళ్ల కూడు వాళ్లకే పెడ్తవానే అని అత్త దెప్పింది. ముసలామెకు ఏం తెలుసు అనుకున్నాను.

చీజు, డబుల్ రొట్టె దొరుకుతాయి. ట్యూనా చేప డబ్బాల్లో వస్తుంది, దొరసాని ఓడలో తెప్పిస్తుంది. స్టోర్‌లో వరసగా పేర్చి, పాతవి ముందు వాడాలని ఒక్కో డబ్బా అడుగున ఎర్ర పెన్సిల్‌తో నంబరు వేస్తుంది. ఆమెను ఒకటి అడగొచ్చు. కానీ ఆమె డబ్బా తెరిచి ఆమెకే విందు చేస్తే అది విందెలా అవుతుంది? అఫ్జల్‌గంజ్‌ల ఫారిన్ సామాను అమ్మెటోడు ఎర్కే, నేను తెస్త, ఫికర్ చెయ్యకు అని ఇశ్రాయేలు అన్నాడు.

20 జనవరి

తెచ్చాడు. ఉర్దూ పేపర్లో చుట్టి ఉంది. దొరసాని వాడే రకమే! పెళ్ళయిన పదహారేళ్ళలో ఈ మనిషి నా కోసం అఫ్జల్‌గంజ్ దాకా వెళ్ళడం ఇదే మొదలు.

22 జనవరి, ఆదివారం, సాయంత్రం ఐదు

చర్చి నుంచి పరుగున వచ్చి మొదలుపెట్టాను. డబ్బా కోసి, నూనె వంపి, చేపను ఫోర్కుతో చిదిపాను. సన్నగా తరిగిన ఉల్లిపాయ, ఉడికిన గుడ్డు, మిరియాల పొడి, నిమ్మరసం. బంగళాలో ఓవెన్ ఉంది, నాకు లేదు. అందుకని వెన్న రాసిన రొట్టెల మీద చేప, చీజు సర్ది పెనం మీద పెట్టి, మూత మీద నిప్పులు పోశాను, బిర్యానీకి దమ్ పెట్టినట్టు. చీజు కరిగి అంచుల మీదికి జారింది. ఓవెన్‌లో కూడా అంత బాగా ఎప్పుడూ రాలేదు.

దొరసాని పళ్ళెం చూసింది. మీ కూర తింటాననుకున్నాను రేచల్ అంది. అత్త నా వైపు చూసింది. కానీ మొత్తం తిన్నది, చాలా బాగుందన్నది. తర్వాత చేతులు కడుక్కోవడానికి పెరట్లోకి వెళ్ళింది. అక్కడ చాలాసేపు నిలబడింది. వచ్చాక చాయ్ వద్దంది, తలనొప్పి అని వెళ్ళిపోయింది.

23 జనవరి

పోగానే స్టోర్‌రూమ్‌లోకి పిలిచింది. పదిహేడో నంబరు లేదు. పదహారు తర్వాత పద్దెనిమిది. నిన్న పెరట్లో కడిగి బోర్లించిన మా డబ్బా అడుగున ఎర్ర పెన్సిల్‌తో పదిహేడు ఉందట. అఫ్జల్‌గంజ్‌లో కొన్నామన్నాను. ఆమె అరవలేదు. అడిగితే ఇచ్చేదాన్ని కదా రేచల్ అంది. ఏడుస్తూ అంది. రేపటి నుంచి రావద్దంది. చిట్టీ మాట ఎత్తితే తల అడ్డంగా ఊపింది.

గోడ అవతల ఇశ్రాయేలు మేకులు కొడుతున్నాడు. అక్కడికి ప్రతి మాటా వినబడుతుంది. సుత్తి చప్పుడు ఒక్కసారి కూడా ఆగలేదు.

ఇంటికొచ్చి డబ్బా తిరగేశాను. పదిహేడే. ఆమె చేతి రాతే. తొమ్మిదేళ్ళు చూసిన రాత. తెరిచేటప్పుడు అడుగు చూడాలని నాకు తోచనే లేదు. మొగుడు తెచ్చిందాన్ని ఎవరు తిరగేసి చూస్తారు?

సాయంత్రం ఆయన రాగానే డబ్బా ముందు పెట్టాను. నీ ఇజ్జత్ కోసమే తీస్కొచ్చిన, ఆమెకు గన్ని ఉన్నయి, ఒక్కటి పోతే ఏమైతది అన్నాడు. పొద్దున ఎందుకు నోరు విప్పలేదంటే, ఇంకా ఆరు పెట్టెలు ఉన్నయి, నేను నిజం చెప్తే ఇద్దరం ఇంట్ల కూసుంటం గదా అన్నాడు. ఆలోచిస్తే నిజమే. నిజం కాబట్టే ఒళ్ళు మండిపోయింది.

24 జనవరి

ఆయన పనికి వెళ్ళాడు. టిఫిన్ డబ్బా నేనే కట్టి ఇచ్చాను.

8 ఫిబ్రవరి

మూడు బంగళాలు తిరిగాను. ముగ్గురూ మొదట అడిగింది చిట్టీయే. ఒకచోట వాచ్‌మన్ పేరు అడిగి, నువ్వేనా ఆ రాహేలు అన్నాడు.

వెళ్ళి నిజం చెప్పేద్దామని బస్టాపు దాకా పోయి తిరిగొచ్చాను. నేను దొంగను కాను, నా మొగుడు దొంగ అని చెప్పడానికి నాకు నోరు రాలేదు. ఆయనకు మాత్రం ఊరుకోవడం ఎంత తేలికగా వచ్చిందో.

27 ఫిబ్రవరి

దొరలు వెళ్ళిపోయారు. ఇశ్రాయేలు స్టేషన్ దాకా పోయి పెట్టెలు ఎక్కించి వచ్చాడు. దొరసాని చెయ్యి కలిపిందట. చిట్టీ ఇచ్చిందట! పక్కింటి ఆండాలు టీచర్ చదివి చెప్పింది. మంచి పనివాడు, వెరీ ఆనెస్ట్ అని ఉంది. ఆనెస్ట్ అంటే ఏందని అత్త అడిగితే, నమ్మకస్తుడు అని టీచర్ చెప్పింది. ఆయన నా వైపు చూడలేదు.

5 మార్చి

ఆ చిట్టీకి టేకు చెక్కతో ఫ్రేమ్ చేసి, అద్దం వేసి, యేసుప్రభువు క్యాలెండర్ పక్కన తగిలించాడు.

6 మార్చి

ఫ్రేమ్ కింద అలమరలో ఆ ఖాళీ డబ్బా పక్కకు పడుకోబెట్టాను, నంబరు బయటికి కనబడేట్టు. ఆయన పళ్ళెం దానికి ఎదురుగా పెట్టాను. ఇక రోజూ అక్కడే పెడతాను.