బావ డ్యూటీ చొక్కా

పటాన్‌చెరు, 12-8-2004

అక్కా,

బావ చావుకు రాలేకపోయాను. ఆ రోజు హైదరాబాద్‌లో హిప్‌హాప్ డాన్స్ పోటీ. ఆడినవాళ్లంతా నా చొక్కాలే వేసుకున్నారు.

కాజీపల్లి మందుల ఫ్యాక్టరీల కూలీల డ్యూటీ చొక్కాలు కొని, యాసిడ్ పడి రంగు పోయిన చోటు కనబడేలా నా కంపెనీ బొమ్మ అచ్చేసి అమ్ముతానని నీకు తెలుసు. వాటిలో చచ్చినవాళ్లవి కూడా ఉన్నాయని పేపర్లో వేశారు. "పీనుగుల మీది బట్టలమ్ముకొని బతుకుతుండు" అని సంగయ్య చిన్నాయన ఊరంతా చెబుతున్నాడట. చెప్పనీ. పేపర్లో పడ్డాకే గిరాకీ పెరిగింది.

విలేకరి నీ దగ్గరికీ వస్తాడు. "మా తమ్ముడు అడగలే, మేమే ఇస్తున్నం" అని చెప్పు. ఏడవకుండా చెప్పు.

పదకొండోనాడు బావ బట్టలన్నీ చాకలి మొగులమ్మకు ఇస్తారు కదా. రియాక్టర్ పేలిననాడు వేసుకున్న చొక్కా మాత్రం ఇవ్వకు. ఆస్పత్రిలో కత్తిరించి తీశారన్నావు, ఫర్వాలేదు, కుట్టిస్తాను. అలాంటి మచ్చ మేమెంత యాసిడ్ చల్లినా రావడం లేదు.

ఎల్లుండి మనిషిని పంపిస్తాను. అంతవరకు ఉతకొద్దు. అది తలకింద పెట్టుకుని పడుకుంటున్నావని అమ్మ చెప్పింది. అలా చేయకు, నలిగిపోతుంది.

నీ తమ్ముడు