అమ్మ తీసిన రెండో టేపు

తమ్ముడూ,

పత్రికాఫీసు నుంచి పిలుపొచ్చింది, వెళ్తున్నాను. టేపు కంప్యూటర్‌లోకి నువ్వే ఎక్కించు. రిజల్యూషన్ 720 బై 576 దగ్గరే ఉంచు. టేపులో ఉన్నదే అంత, పెంచినా బొమ్మ బాగుపడదు. ఫైలు ఎంత పెద్దదైనా సరే, కంప్రెషన్ వద్దు. శబ్దం శుభ్రం చేసే గడిలో టిక్ తీసెయ్.

మొదటి టేపుకు ఆ టిక్ పెట్టింది నేనే. కెమెరా పట్టుకుని అమ్మ తీసే కూనిరాగాన్ని రొద అనుకుని కంప్యూటర్ తుడిచేసింది. మళ్ళీ ఎక్కిద్దామంటే ఆ టేపు తెగిపోయింది. పోయిన మనిషి ఏ బొమ్మలోనూ లేదురా, ఆ రాగంలోనే ఉంది.

"విలేకరిగారూ, ఇదైనా ముట్టుకోకండి" అన్నావు నిన్న. ముట్టుకోలేదు.

అక్క

అమ్మ వినిపిస్తే నాకు ఫోన్ చెయ్యి. ఏమీ మాట్లాడకు, ఫోన్ స్పీకర్ దగ్గర పెట్టు.