కోర్టులో నిలవని కారణాలు

నన్ను వెలివేసినా నావాడే అయిన అన్నయ్యకి,

నీ ఉత్తరం చదివాను. ఉతికి ఆరేశావు. "ముప్పై ఎనిమిదేళ్ళదానివి, చదువుకున్నదానివి, నువ్వెళ్ళి బాప్తిస్మం తీసుకోవడమేంటే? నమ్మడానికి ఒక్క కారణం చెప్పు, కోర్టులో నిలబడేది. చెప్పలేకపోతే మా గుమ్మం తొక్కకు" అన్నావు. అమ్మా నాన్నా పోయాక నన్ను పెంచినవాడివి, అడిగే హక్కు నీకుంది. జవాబు చెప్పే హక్కు నాకూ ఉంది. సంజాయిషీ మాత్రం కాదు.

ఎవరో మాయమాటలు చెప్పి నన్ను లాక్కుపోయారనుకుంటున్నావు. లేదు, నా పని మీద నేనే వెళ్ళాను. ఆ ఆర్థడాక్స్ చర్చిలో కీర్తనలు పాడే పెద్దాయనకి షుగరుతో మోకాలి కింద కాలు తీసేశారు. మా వర్క్‌షాపులో ఆయనకి కృత్రిమ కాలు చేసింది నేనే. "కూర్చుంటే బానే ఉందమ్మా, రెండు గంటలు నిలబడితేనే కోసుకుపోతోంది" అన్నాడు. "అంతసేపు నిలబడమని ఎవరన్నారు? కూర్చోండి" అన్నాను. "రాజుగారి ముందు కూర్చుంటామా?" అని నవ్వాడు. ఎక్కడ నొక్కుతోందో చూద్దామని ఒక ఆదివారం వెళ్ళి స్తంభం పక్కన నిలబడ్డాను.

ఆయన కాలు చూడబోతే వెనక గోడ మీది పటం కనిపించింది. చనిపోయిన క్రీస్తు మృతుల లోకానికి దిగి, దాని తలుపులు విరగ్గొట్టి, సమాధుల్లోంచి ఒక ముసలాయన్నీ ఒక ముసలామెనీ పైకి లాగుతున్నాడు. ఆదాము, హవ్వ. ఆయన వాళ్ళ అరచేతులు పట్టుకోలేదన్నయ్యా, మణికట్లు పట్టుకున్నాడు. పడ్డవాణ్ణి లేపేటప్పుడు అరచెయ్యి నమ్మకు, వాడి పట్టు జారుతుంది, మణికట్టు పట్టుకో అని పనిలో చేరిన మొదటి వారమే మా సీనియర్ చెప్పాడు. పదహారేళ్ళుగా నేను చేస్తున్నది అదే. పడిపోయినవాడికి తిరిగి పట్టుకునే బలం ఉండదని ఆ బొమ్మ వేసినవాళ్ళకి తెలుసు. ఆ రోజు నేను కాలు చూడనే లేదు.

ఇది కారణమా అని నవ్వుతావు, నవ్వు. ఇంకోటి చెబుతాను. శరీరం తొడుగు, పోతే పోనీ అనే మాటలు చిన్నప్పటి నుంచీ విన్నాను. తెగిన కాలిని చేతుల్లోకి తీసుకుని కొలిచే నాకు ఆ మాట సరిపోదు. ఈ దేవుడు శరీరం తెచ్చుకున్నాడు. చచ్చి లేచాక కూడా మేకుల గాయాలు మాపుకోలేదు. మచ్చ లేని దేవుళ్ళతో నాకు పని లేదు.

రుజువు అంటావా? సమాధి ఖాళీగా ఉందని మొదట చెప్పింది ఆడవాళ్ళు. ఆ కాలంలో ఆడదాని సాక్ష్యానికి కోర్టులో విలువే లేదని నువ్వే ఒకసారి చెప్పావు. కథ అల్లేవాడు అలాంటి సాక్షుల్ని ఏరికోరి బోనెక్కిస్తాడా? నువ్వయితే ఎక్కిస్తావా?

ఇవన్నీ పక్కన పెట్టు. అసలు కారణం నీకు తెలుసు. తెలిసే నీకు కోపం.

సైకిళ్ళు బాగుచేసే ఆయన గుర్తున్నాడా? ఆయనకి పెట్టిన కృత్రిమ కాలి మోకాలి స్క్రూ పరీక్షించకుండానే పరీక్షించినట్టు కాగితం మీద టిక్కు పెట్టాను. ఆ రోజు తొందరలో ఉన్నాను, అంతే. మూడు వారాలకి మెట్ల మీద ఆ మోకాలు మడతపడి, తల పగిలి చనిపోయాడు. విచారణలో మా వర్క్‌షాపు తరఫు లాయరువి నువ్వు. "మృతుడు వృత్తిరీత్యా మెకానిక్ కావడం చేత, తనంతట తానే స్క్రూ వదులు చేసుకుని ఉండవచ్చు" అని రాశావు. నేను సంతకం పెట్టాను. గెలిచాం. గెలిచిన దగ్గర్నుంచీ బిగించిన ప్రతి స్క్రూనీ విప్పి మళ్ళీ బిగిస్తున్నాను.

ఈ చర్చిలో పాపాన్ని నేరమనడం కంటే జబ్బనడం ఎక్కువ. నువ్వు నాకు విడుదల ఇప్పించావు, వైద్యం చేయించలేదు. ఇక్కడ ఒప్పుకోలు చెప్పేటప్పుడు ఫాదర్ మన ఎదురుగా కూర్చోడు. పక్కన నిలబడతాడు. ఇద్దరం క్రీస్తు పటం వైపు తిరిగి ఉంటాం. "నేను జడ్జిని కాదమ్మా, సాక్షిని" అన్నాడు. బాప్తిస్మానికి ముందు అంతా చెప్పాను. చివరిదాకా విన్నాడు. తర్వాత "ఆయన భార్యకి తెలుసా?" అన్నాడు. తెలియదన్నాను. "మరి ఆయన మీద పడ్డ మచ్చ ఎవరు తుడుస్తారు?" అన్నాడు.

నేనే తుడుస్తాను. గురువారం ఆవిడ దగ్గరికి వెళుతున్నాను, తర్వాత విచారణ అధికారి దగ్గరికి. నీ పేరు రాకుండా చూసుకుంటాను. ఆపాలని మాత్రం చూడకు. నీ గుమ్మం తొక్కకుండా బతకగలను. ఈ మాట మింగి బతకలేను.

నీ మాట వినని
గడుగ్గాయి


అన్నయ్యకి,

నువ్వు జవాబు రాయలేదు. వదినతో చెప్పించావు, "వెళ్ళొద్దని చెప్పమన్నారు" అని. వెళ్ళాను.

ఆవిడ ఇల్లు రెండో అంతస్తు. ఆయన పడ్డ మెట్లే ఎక్కాను. ఆవిడ బట్టలు ఇస్త్రీ చేసుకుంటోంది. కూర్చోమంది, కూర్చోలేదు. నిలబడే చెప్పాను. "స్క్రూ నేను పరీక్షించలేదు. చేసినట్టు రాశాను. మీ ఆయన ఆ కాలు ముట్టుకోలేదు. మేం అబద్ధమాడాం."

ఇస్త్రీ పెట్టె నిలబెట్టింది. "మళ్ళీ చెప్పు" అంది. మళ్ళీ చెప్పాను.

"రెండేళ్ళు తిట్టాను ఆయన్ని" అంది. గొంతు పెంచలేదు. "ఫొటో ముందు నిలబడి తిట్టాను. జనాల సైకిళ్ళు విప్పింది చాలక నీ కాలు కూడా విప్పుకున్నావా, నీ అతితెలివి తగలెయ్య, అని. నా పిల్లలు విన్నారు. వాళ్ళూ అదే అంటారిప్పుడు. ఆయన పనిముట్లన్నీ తుక్కు కింద ఇచ్చేశాను, కళ్ళ ముందు ఉండకూడదని."

క్షమించమని అడిగాను.

"మీ దేవుణ్ణి అడుక్కో. నా దగ్గర లేదు."

నిజమే చెప్పింది. దేవుడు క్షమిస్తే ఈవిడా క్షమించాలని ఎక్కడా రాసి లేదు. వెనక్కి తిరగబోతుంటే "ఆగు" అంది. "నాకొక్కదానికి చెప్పి పోతే ఎట్లా? ఆయన షాపున్న వీధి వీధంతా నవ్వింది. అక్కడికొచ్చి చెప్పు." చెప్పులేసుకుని ముందు తనే మెట్లు దిగింది.

ఆ షాపు ఇప్పుడు ఆయన భాగస్వామి నడుపుతున్నాడు. పంక్చరు వేస్తున్నవాడు అలాగే ట్యూబు పట్టుకుని విన్నాడు. పక్క షాపులవాళ్ళు చేరారు. నేను గొంతు తగ్గించలేదు, తల కూడా దించలేదు. దించితే జాలి పడతారు, ఆ రోజు జాలి ఆయన వాటా, నాది కాదు. భాగస్వామి "నాకు తెలుసు. ఆయన బిగించిన నట్టు మళ్ళీ ముట్టుకోనక్కర్లేదు, అలాంటోడు వదులు చేసుకుంటాడా?" అని కళ్ళు తుడుచుకున్నాడు. ఒకాయన నా కాళ్ళ దగ్గర ఉమ్మేశాడు. ఆవిడ అందరి మొహాలూ ఒక్కొక్కటే చూసి "విన్నారుగా? విన్నారుగా?" అంది. నా వైపు చూడకుండా ఇంటికి వెళ్ళిపోయింది. ఆ నడక నువ్వు చూడాల్సింది అన్నయ్యా. రెండేళ్ళ తర్వాత మొగుడితో కలిసి నడుస్తున్నట్టుంది.

మర్నాడు అధికారికి రాసిచ్చాను. నన్ను పనిలోంచి సస్పెండ్ చేశారు. కేసు కూడా పెట్టవచ్చట. "మెకానిక్ కావడం చేత అనే వాక్యం ఎవరు రాశారు?" అని అడిగారు. నేనే అన్నాను. నీ మీదికి ఏమీ రాదు, నిశ్చింతగా ఉండు.

చర్చిలో ఇప్పటికీ స్తంభం పక్కనే నిలబడుతున్నాను. సంతోషంగా ఉన్నానా అంటే తెలియదు. ఎవరు పిలిచినా ఉలిక్కిపడడం మాత్రం పోయింది.

పశ్చాత్తాపం ఉన్నా పరాజయం లేని
నీ చెల్లెలు


ఒసే గడుగ్గాయీ,

ముందు నీ కారణాల సంగతి. ఒక్కటీ ఒప్పుకోను. ఆడవాళ్ళ సాక్ష్యం పాయింటు బాగుంది. దాన్ని విరగ్గొట్టగలను, ఇప్పుడు ఓపిక లేదు. మణికట్టు బొమ్మ కారణం కాదు, బొమ్మ. నేను నమ్మను, నమ్మబోను.

ఇప్పుడు అసలు సంగతి. ఆ వాక్యం నువ్వు రాశావా? ఎప్పుడు రాశావే? నిజం చెప్పడానికి బయల్దేరి, ఆ చేత్తోనే నాకోసం ఇంకో అబద్ధం ఆడి వచ్చావా? మీ ఫాదర్ పక్కన నిలబడి ఇది కూడా చెప్పు. ఏమంటాడో నాకూ వినాలనుంది. చిన్నప్పుడు నేను పగలగొట్టిన అద్దానికి నువ్వు దెబ్బలు తిన్నప్పుడే ఈ అలవాటు మాన్పించాల్సింది.

ఆ వాక్యం నాది. మూడుసార్లు కొట్టేసి రాశాను. మొదట "వదులు చేసుకున్నాడు" అని రాశాను. పట్టుకుంటారని "చేసుకుని ఉండవచ్చు" అని మార్చాను. మార్చినప్పుడు గర్వంగా కూడా అనిపించింది. ఆ "ఉండవచ్చు" కింద ఒక మనిషి పేరు నలిగిపోయిందని నాకు తెలియకపోలేదు. నాకు చెల్లెలు కనిపించింది, ఆయన కనిపించలేదు. ఇది సాకు కాదు, జరిగింది చెబుతున్నాను.

నీ ఉత్తరం మీ వదినకి చదివి వినిపించాను. చాలాసేపు ఏడ్చింది. తర్వాత మొహం కడుక్కొచ్చి, "దాన్ని ఒక్కదాన్నే బోనెక్కించి మీరు కింద కూర్చుంటారా?" అంది. అంతకంటే గట్టి వాదన ఈ పాతికేళ్ళలో ఏ కోర్టులోనూ వినలేదు.

నిన్న వెళ్ళి రాసిచ్చాను. నీ వాంగ్మూలంలో ఆ ఒక్క ముక్క తప్పని, ఆ వాక్యం నాదని, తెలిసే రాశానని. అధికారి రెండుసార్లు చదువుకుని "మీకు ఏమవుతుందో తెలుసా?" అన్నాడు. "నేను లాయరునండీ, నాకు తెలియదా?" అన్నాను. నోటీసు వస్తుంది. సస్పెండ్ చేస్తారో, లైసెన్సే తీసేస్తారో చూడాలి. ఆవిడ ఇంటికి ఇంకా వెళ్ళలేదు. ఆదివారం వెళతాను. తోడు రావద్దు, నా మాట నేను చెప్పుకోగలను.

ఇది దేవుడు చేయించాడని మాత్రం నాకు రాయకు. మీ ఫాదర్‌తో చెప్పి మురిసిపోకు. ఇది నేనే చేశాను.

ఒక్క సంగతి. ఆ ఆఫీసు మెట్లు దిగుతుంటే ఆకలేసింది. మామూలు ఆకలి కాదు, కడుపులో ఎలుకలు పరిగెత్తే ఆకలి. రెండేళ్ళుగా టైమైందని తింటున్నానే గానీ, ఆకలేసి తిన్నది లేదని అప్పుడు తెలిసింది. ఎదురుగా ఉన్న హోటల్లోకి వెళ్ళి, వరసగా రెండు భోజనాలు తిన్నాను. సర్వరు వింతగా చూశాడు. అదెందుకో నీ దగ్గర ఏదో జవాబు ఉంటుందని తెలుసు.

అడగడం లేదులే.

ఏమీ నమ్మని
నీ అన్నయ్య