మూడో సిలిండర్ చప్పుడు

మల్లేశం,

నువ్వు పోయి నేటికి ఏడాది. నేను రాసిందేదీ బతికుండగానే చదవలేదు, ఇప్పుడు చదువుతావని కాదు.

నీ కొడుకు యాదగిరి పికప్ బండికి డీజిల్ పంపు పెంచి, జీడిమెట్లలో టర్బో వేయించాడు. నువ్వు ఒప్పుకోని పని. ఇప్పుడు శామీర్‌పేట ఎత్తు ఎక్కుతుంటే ఇంజన్‌లో సుత్తితో కొట్టినట్టు చప్పుడు. ఇవాళ ద్రాక్ష లోడు, పైన కూలి ఆడవాళ్లు. బయలుదేరబోతూ నన్ను పిలిచాడు.

చప్పుడు ఏ సిలిండర్‌దో తేల్చడానికి, నువ్వు చేస్తుంటే చూసినట్టే, ఇంజన్ నడుస్తుండగా డీజిల్ పైపుల నట్లు ఒక్కొక్కటే వదులు చేశాను. మూడోదానికి చప్పుడు తగ్గింది.

“నాజిలే పెద్దనాయినా, వచ్చినంక మారుస్త. ఉత్తగనే పరేషాన్ అయితున్నవ్.”

డీజిల్ చిమ్మే నాజిల్ కావచ్చు, అది చిన్న పని. బేరింగైతే మాత్రం ఎత్తు మధ్యలో ఇంజన్ పగిలి, బండి మనుషులతో సహా వెనక్కి జారుతుంది. నువ్వు స్క్రూడ్రైవర్ చెవికి ఆనించి తేల్చేవాడివి. నేనూ ఆనించాను. ఏమీ తెలియలేదు. పుస్తకాలతో నా చెవులు మూసుకుపోయాయని ఒకప్పుడు నలుగురిలో నవ్వావు. అది నిజం కావడమే మంట.

“ఇట్లాంటి చప్పుడుంటే బండి కదలనియ్యొద్దని మీ బాపు నాతోని ఒట్టు వెట్టించుకున్నడు,” అని అబద్ధమాడాను.

“గట్లన్నడా బాపు?”

తాళం నా చేతిలో పెట్టాడు. లోడు వేరే బండికి ఎక్కించారు.

రేపు ఇంజన్ విప్పుతాం. ఒట్టి నాజిలే అని తేలితే చెడ్డపేరు నీదే. ముప్పై ఏళ్లు నా ప్రతి మాటా కాదన్నావు కదా, ఇదీ కాదనాలనుంటే వచ్చి చెప్పు.